పాత హైస్కూలు స్థానంలో కొత్తది: అమెరికాలో తెగని చర్చ

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో బడి పిల్లల సంఖ్య ఇబ్బడిముబ్బడిగా పెరిగింది. ఆ వేగాన్ని అందుకోవడానికి ఊరూరా చకచకా కట్టిన ప్రభుత్వ హైస్కూళ్లు ఇప్పుడు ఒకదాని తరువాత ఒకటి శిథిల దశకు చేరుకుంటున్నాయి. 2012–13 నాటికే దేశంలోని ప్రభుత్వ పాఠశాలల ప్రధాన భవనాల సగటు వయసు 44 ఏళ్లు. అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ వ్యవహారాలను తనిఖీ చేసే జీఏఓ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పాఠశాల జిల్లాల్లో, అంటే ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థల్లో, సుమారు 54 శాతం తమ భవనాల్లో ఒకటికి మించిన వ్యవస్థలను మార్చుకోవలసిన స్థితిలో ఉన్నాయి; గాలి, వేడి, చల్లదనం చూసే యంత్రాలను మార్చవలసిన బడులే దాదాపు 36 వేలు ఉన్నాయని ఆ నివేదిక అంచనా వేసింది.

పదిహేను వందల నుంచి రెండున్నర వేల మంది చదివే హైస్కూలును పూర్తిగా పడగొట్టి కొత్తది కట్టడమంటే, చాలా ఊళ్లకు అది ఒక తరంలో చేసే అతిపెద్ద ఖర్చు. అందువల్ల ఈ నిర్ణయం చుట్టూ అనేక వాదాలు అల్లుకున్నాయి: పాతదాన్ని బాగుచేయాలా, కూల్చాలా, ఎంత మందికి కట్టాలి, తరగతి గది ఎలా ఉండాలి, ఎక్కడ కట్టాలి, డబ్బు ఎవరిది. ఇవి వేర్వేరు ప్రశ్నలైనా బహిరంగ సభల్లో ఒకే ప్రశ్నగా కలిసిపోతాయి. చర్చ ఎక్కువగా భవనం రూపం మీద, మొత్తం ఖర్చు మీద సాగుతుంది. అయితే భవనం భవితవ్యాన్ని నిజంగా తేల్చేవి రెండు: ఎంత మంది విద్యార్థులొస్తారన్న అంచనా, రేపు ఆ భవనాన్ని విప్పి మార్చుకోవడానికి, మరమ్మతు చేసుకోవడానికి ఎంత వీలుంటుందన్నది. ఈ వ్యాసం ప్రధానంగా మసాచుసెట్స్ రాష్ట్రాన్ని ఆధారం చేసుకుంటుంది; ఎందుకంటే పాత హైస్కూళ్ల స్థానంలో కొత్తవి కట్టే ప్రక్రియను అంచెలంచెలుగా, లిఖిత నియమాలతో నడిపిస్తున్న రాష్ట్రాల్లో అది ముందు వరుసలో ఉంది.

పూర్వరంగం

పాఠశాల భవనం మీద ప్రభుత్వానికి పట్టు పెరగడానికి మొదటి కారణం భద్రత. 1933 మార్చి 10న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో వచ్చిన భూకంపంలో అనేక ఇటుక బడులు కూలిపోయాయి. బడి విడిచిపెట్టిన తరువాత సాయంత్రం వేళ భూమి కంపించడం వల్లనే పిల్లలు బతికిపోయారు. నెల తిరగకుండానే ఆ రాష్ట్రం ఫీల్డ్ చట్టం తెచ్చి, ప్రభుత్వ పాఠశాలల నమూనాలనూ నిర్మాణాన్నీ రాష్ట్ర నిపుణులు పరీక్షించి తీరాలని శాసించింది.

రెండో మలుపు బోధన వైపు నుంచి వచ్చింది. 1940లో ఇల్లినాయ్‌లోని విన్నెట్కాలో కట్టిన క్రో ఐలాండ్ ప్రాథమిక పాఠశాల, ఎలియెల్ సారినెన్, ఆయన కుమారుడు ఈరో సారినెన్‌లతో కలిసి పెర్కిన్స్, వీలర్ అండ్ విల్ సంస్థ రూపొందించిన భవనం, గంభీరమైన స్తంభాల బడికి బదులు పిల్లవాడి కొలతకు తగిన బడి ఎలా ఉంటుందో చూపింది: ఒకే అంతస్తు, ప్రతి గదికీ రెండు వైపుల వెలుతురు, బయటి పెరట్లోకి సొంత తలుపు. యుద్ధానంతరం అమెరికా అంతటా పరుచుకున్న చదును కప్పుల, పొడవాటి కిటికీల బడులు ఈ ఆలోచనకు దూరపు చుట్టాలే. అయితే వాటిలో చాలామటుకు ఆ శ్రద్ధ లేకుండా, చవకగా, పలుచటి గోడలతో లేచినవి. నేడు వయసు మీరిన హైస్కూళ్లుగా లెక్కకొస్తున్నవి ఎక్కువగా అవే.

1958లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో మొదలైన ఎడ్యుకేషనల్ ఫెసిలిటీస్ లేబొరేటరీస్ మూడో మలుపుకు దోహదం చేసింది. గోడలు లేని విశాలమైన హాళ్లలో అనేక తరగతులు ఒకేచోట సాగే ‘ఓపెన్ ప్లాన్’ పద్ధతి 1960ల చివర, 1970లలో ఊపందుకుంది. పక్క తరగతి మాటలు చెవిన పడుతుంటే పాఠం సాగదని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చాలా బడుల్లో బీరువాలు, తాత్కాలిక తడికలు, చివరికి గోడలు తిరిగి వచ్చాయి. మరమ్మతు కోసం నేడు పరిశీలిస్తున్న కొన్ని భవనాల్లో ఆ తరువాత లేపిన గోడలు గాలి గొట్టాల దారికి అడ్డంగా నిలబడి ఉన్నాయి.

బాగుచేయడమా, పడగొట్టడమా

ఈ చర్చలో మూడు పక్షాలు కనిపిస్తాయి. మొదటిది పరిరక్షణ పక్షం. నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 2000లో వెలువరించిన నివేదిక, ఊరి నడుమ నడిచి వెళ్లగల పాత బడులను విడిచి, శివార్లలో విశాలమైన స్థలాల్లో కొత్తవి కట్టేలా నిబంధనలే పురిగొల్పుతున్నాయని ఎత్తిచూపింది. పాఠశాల ప్రణాళికా నిపుణుల సంఘం చాలాకాలం సూచించిన కొలత ప్రకారం హైస్కూలుకు కనీసం 30 ఎకరాలు, ఆపైన ప్రతి వంద మందికి మరో ఎకరం కావాలి. ఊరి మధ్య ఉన్న ఏ పాత బడీ ఆ లెక్కకు తూగదు. ఆ సంఘం 2004లో ఆ కొలతను విడిచిపెట్టింది. ఇటీవల ఈ పక్షానికి పర్యావరణ వాదం తోడైంది. పాత భవనంలోని కాంక్రీటు, ఉక్కు తయారైనప్పుడే వాటి కర్బనం గాలిలో కలిసిపోయింది. వాటిని పిండి చేసి కొత్త కాంక్రీటు పోస్తే, ఆ నష్టం పూడడానికి కొత్త భవనపు ఇంధన పొదుపుకు 10 నుంచి 80 ఏళ్లు పట్టవచ్చని అదే ట్రస్టుకు చెందిన పరిశోధన విభాగం 2011 నాటి అధ్యయనంలో లెక్కగట్టింది.

రెండోది కొత్త నిర్మాణ పక్షం. దీని వాదన అందం మీద కాక కొలతల మీద నిలుస్తుంది. 1950ల నాటి బడుల్లో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఎత్తు తక్కువ; నేటి గాలి గొట్టాలు, మంటలార్పే నీటి గొట్టాలు, తీగలు అన్నీ పైకప్పు కింద అమర్చితే తల తగిలేంత కిందికి దిగుతాయి. గోడల్లో ఆస్బెస్టాస్, కిటికీ చట్రాల అంచుల్లో నింపిన లప్పంలో పీసీబీలనే విషరసాయనాలు ఉండవచ్చు. మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో 1961 నాటి ఎస్టాబ్రూక్ ప్రాథమిక పాఠశాలలో 2010లో పీసీబీలే బయటపడ్డాయి. చివరికి దాని స్థానంలో 2014లో కొత్త బడి తెరిచారు. దీనికి తోడు, మసాచుసెట్స్ నిబంధనల ప్రకారం పనుల ఖర్చు భవనం విలువలో 30 శాతం దాటితే, వికలాంగుల రాకపోకలకు అనుకూలంగా భవనమంతటినీ మార్చవలసి ఉంటుంది. కాబట్టి చిన్న మరమ్మతుగా మొదలైనది ఒక హద్దు దాటగానే పెద్ద పనిగా మారిపోతుంది.

మూడో పక్షం మధ్యేమార్గం: దృఢంగా ఉన్న భాగాన్ని నిలుపుకొని, బలహీనమైనదాన్ని తీసివేసి, కొత్త భాగం కలపడం. వినడానికి ఇది సబబుగా ఉన్నా, ఆచరణలో తరచు ఇదే అత్యంత కష్టమైనది. రెండు కాలాల అంతస్తులు ఒకే మట్టానికి రావు, పిల్లలు లోపలుండగానే గోడలు విప్పాలి, దాగి ఉన్న లోపాలు పని మొదలైన తరువాతే తెలుస్తాయి. ఒహాయో రాష్ట్రం ఈ చిక్కుకు ఒక గీత గీసింది: మరమ్మతు ఖర్చు కొత్త భవనపు ఖర్చులో మూడింట రెండు వంతులు దాటితే కొత్తదే కట్టుకోమని సూచించింది. లెక్క సులువుగా ఉండడం దీనిలోని మంచి. ఇక చెడు ఏమిటంటే, ఏళ్ల తరబడి మరమ్మతులు వాయిదా వేసిన యాజమాన్యానికే ఈ గీత కొత్త భవనాన్ని బహుమానంగా ఇస్తుంది. ప్రతి ఏటా శ్రద్ధగా చూసుకున్న ఊరికి దక్కదు. పరిరక్షణ పక్షపు విమర్శల్లో ఇది అన్నిటికంటే బలమైనది, దీనికి సరైన సమాధానం ఇంతవరకు రాలేదు.

న్యూటన్ నార్త్ ఉదంతం

ఈ వాదాలన్నీ ఒకేచోట కలిసిన ఉదంతం బోస్టన్ శివారులోని న్యూటన్ నార్త్ హైస్కూలు. అక్కడ 1973లో తెరిచిన భవనం ఆనాటికి ఆధునికమైనది: మెయిన్ స్ట్రీట్ అని పిలిచే పొడవాటి నడవా, దాని చుట్టూ లోతైన భవనం, లోపలి తరగతి గదుల్లో చాలావాటికి కిటికీలే లేవు. వెలుతురూ గాలీ యంత్రాలే ఇస్తాయన్న ధీమా మీద నిలిచిన ఆలోచన అది. యంత్రాలు పాతబడిన కొద్దీ ఆ గదులు నివాసయోగ్యం కాకుండా పోయాయి. కిటికీ తెరిచి సర్దుకుందామంటే తెరవడానికి కిటికీ లేదు. కాంక్రీటు చట్రం చెక్కుచెదరకపోయినా, నాలుగు దశాబ్దాలైనా నిండకుండానే భవనాన్ని కూల్చవలసి వచ్చింది. అదే రాష్ట్రంలో వందేళ్లు దాటిన బడులు కొన్ని ఎత్తైన కప్పులతో, పెద్ద కిటికీలతో ఇప్పటికీ నడుస్తున్నాయన్నది దీని పక్కన పెట్టి చూడవలసిన విషయం. భవనం ముసలిది కావడం వేరు, లొంగనిది కావడం వేరు. న్యూటన్ నార్త్‌ను కూల్చింది రెండోదే.

దాని స్థానంలో వాస్తుశిల్పి గ్రాహం గండ్ రూపొందించిన భవనానికి 2007 జనవరిలో ఊరంతా ఓటు వేసి అంగీకరించింది. అది 2010లో తెరుచుకునేసరికి ఖర్చు 19.75 కోట్ల డాలర్లకు చేరి, రాష్ట్రమంతటా పెద్ద దుమారం రేపింది. ఈత కొలను, నాటకశాల, వృత్తి విద్యా గదులు ఉన్న ఆ భవనాన్ని కొందరు విలాసమన్నారు. ఊరంతా వాడుకునే సౌకర్యాలను బడి ఖాతాలో రాయడం వల్లనే అంకె అంత పెద్దగా కనిపిస్తోందని మరికొందరు సమాధానమిచ్చారు. ఈ దుమారం నుంచే ‘నమూనా బడి’ పథకం పుట్టింది: ఇప్పటికే బాగా కట్టిన హైస్కూలు నమూనాను, ఉదాహరణకు విట్మన్–హాన్సన్ హైస్కూలుది, మరో ఊరు స్వల్ప మార్పులతో వాడుకుంటే రాష్ట్రం అదనపు సాయం ఇస్తుంది. ఖర్చు, కాలం రెండూ కలిసివచ్చినా, ఒక స్థలపు వాలుకూ ఎండకూ తగినది మరో స్థలానికి తగకపోవచ్చన్న అభ్యంతరం మిగిలే ఉంది.

ఎంత మంది కోసం

హైస్కూలు ఎంత పెద్దదిగా ఉండాలన్న వాదం భవనాల వాదం కంటే పాతది. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1959లో, విజ్ఞాన శాస్త్రం, విదేశీ భాషలు, వృత్తి విద్య అన్నీ బోధించగలగాలంటే చివరి తరగతిలో కనీసం వంద మంది ఉండాలని వాదించి, చిన్న హైస్కూళ్ల విలీనానికి ఊతమిచ్చారు. దానికి ఎదురుగా 1964లో రోజర్ బార్కర్, పాల్ గంప్ కాన్సస్ రాష్ట్రపు బడులను పరిశీలించి, పెద్ద బడిలో నాటకాలు, ఆటలు, సంఘాలు ఎక్కువే ఉన్నా, వాటిలో నిజంగా పాల్గొనే పిల్లల నిష్పత్తి చిన్న బడిలోనే ఎక్కువని చూపారు. చిన్న బడిలో నాటకానికి ప్రతి పిల్లవాడూ కావలసినవాడే. 2000ల ఆరంభంలో గేట్స్ ఫౌండేషన్ చిన్న హైస్కూళ్లకు భారీగా నిధులిచ్చి, ఆశించినంత ఫలితం లేదని దశాబ్దం చివరికి ఆ దారి నుంచి తప్పుకుంది. అయితే న్యూయార్క్‌లో లాటరీ ద్వారా చేరిన పిల్లలను పోల్చిన తరువాతి అధ్యయనాలు చిన్న బడుల్లో చదువు పూర్తి చేసేవారు ఎక్కువని తేల్చాయి. రూపకర్తలు ఈ రెండు పక్షాలనూ కలపడానికి ‘బడిలో బడి’ పద్ధతిని ఎంచుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో పాత అంబాసడర్ హోటల్ స్థలంలో 57.8 కోట్ల డాలర్లతో 2010లో తెరిచిన రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ కమ్యూనిటీ స్కూల్స్ దీనికి పెద్ద ఉదాహరణ. దాదాపు 4,200 మందిని ఒకే ప్రాంగణంలో వేర్వేరు చిన్న బడులుగా విభజించారు.

సిద్ధాంతం ఏదైనా, డ్రాయింగ్ బల్ల మీదికి వచ్చేది ఒక అంకె. మసాచుసెట్స్‌లో బడుల నిర్మాణానికి నిధులిచ్చే ఎంఎస్‌బీఏ సంస్థ, గీతలు మొదలుకాకముందే ఊరితో కలిసి భవిష్యత్ విద్యార్థుల సంఖ్యను ఖరారు చేస్తుంది. ఆ అంకె నుంచి గదుల లెక్క పుడుతుంది. సాధారణ తరగతి గది సుమారు 850 చదరపు అడుగులు. నడవాలు, మెట్లు, గోడలు, యంత్రాల గదులు కలిపితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 1,275 చదరపు అడుగుల భవనం కట్టాలి. పైగా ప్రతి గదీ పీరియడ్లలో 85 శాతం నిండి ఉండాలన్నది నియమం. ఈ ఒక్క అంకె ఉపాధ్యాయుల రోజునే మార్చివేస్తుంది: తన గది, తన గోడ, తన బీరువా అన్నది పోయి, ఖాళీ పీరియడ్‌లో ఆ గదిలోకి మరొకరు వస్తారు, ఆ ఉపాధ్యాయులు పుస్తకాలు సర్దుకొని ఉమ్మడి గదికి వెళ్లాలి. నమూనా చిత్రాల్లో అందంగా కనిపించే ‘ఉపాధ్యాయుల ప్రణాళికా గది’కి అసలు కారణం ఇదే.

అంచనా తప్పితే రెండు వైపులా నష్టమే. లెక్సింగ్టన్‌లో 1950ల నుంచి విడివిడి భవనాలుగా పెరిగిన హైస్కూలు స్థానంలో 2,395 మందికి, సుమారు 66 కోట్ల డాలర్ల అంచనాతో కొత్తది ప్రతిపాదించినప్పుడు, ఊరు 2023లో అపార్ట్‌మెంట్లకు అనుమతులు విస్తరించింది గదా, ఆ ఇళ్లలోకి వచ్చే పిల్లలకు చోటుందా అని కొందరు, జననాలు తగ్గుతున్న కాలంలో ఇంత పెద్దదెందుకని మరికొందరు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఎంత పెద్దదన్న వాదన కంటే, తరువాత ఒక రెక్క కలపడానికి చోటు ఎక్కడ విడిచారన్నది ఇక్కడ ఎక్కువ విలువైన ప్రశ్న.

వెలుతురు, శబ్దం, గాలి

తరగతి గది గుణాల మీద పరిశోధన చాలా ఉన్నా, అంతా ఒకే బరువు గలది కాదు. 1999లో హెషాంగ్ మహోన్ బృందం కాలిఫోర్నియాలోని ఒక జిల్లాలో, ఎక్కువ పగటి వెలుతురున్న గదుల పిల్లలు ఏడాదిలో లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం వేగంగా ముందుకెళ్లారని ప్రకటించింది. ఈ అంకెలు ఇప్పటికీ ప్రతి నమూనా ప్రదర్శనలోనూ వినిపిస్తాయి. అదే బృందం 2003లో ఫ్రెస్నోలో చేసిన అధ్యయనంలో ఆ ఫలితం అదే రీతిలో తిరిగి రాలేదన్న సంగతి మాత్రం అంతగా వినిపించదు. వెలుతురు మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. ఎంత అన్నది శాతాల్లో చెప్పగల స్థితి లేదు.

శబ్దం విషయంలో కొలత స్పష్టంగా ఉంది. 2002 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం ఖాళీ తరగతిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదు. పాత బడుల్లో కిటికీ కింద ఉండే యూనిట్ వెంటిలేటర్, అంటే బయటి గాలిని లాగి వేడిచేసి గదిలోకి వదిలే ఇనుప పెట్టె, ఆ హద్దు దాటి రొద పెడుతుంది. పాఠం వినిపించడం కోసం ఉపాధ్యాయులు దాన్ని ఆపివేస్తారు. ఆపగానే తాజా గాలి ఆగి, పీరియడ్ ముగిసేసరికి గది ఉక్కిరిబిక్కిరవుతుంది. వినికిడా, ఊపిరా అన్న ఈ ఎంపిక పిల్లల ముందు పెట్టడం కంటే పాత భవనాల మీద బలమైన అభియోగం మరొకటి ఉండదు. కోవిడ్ తరువాత ఈ అంశం ఖర్చు పట్టికల్లో ముందు వరుసకు వచ్చింది.

భద్రత వాదం వేరే దిక్కుకు లాగుతుంది. 1999 నాటి కొలంబైన్, 2012 నాటి శాండీ హుక్ బడి కాల్పుల తరువాత ఒకే ప్రవేశద్వారం, తాళం పడే తలుపులు సర్వసాధారణమయ్యాయి. మిషిగన్‌లోని ఫ్రూట్‌పోర్ట్ హైస్కూలులో దుండగుడికి దూరం వరకు కనిపించకుండా నడవాలను వంపుగా కట్టారు. నాలుగు దిక్కులా చూపు సాగే గాజు గోడలు కావాలనే బోధనా నిపుణులు, చూపు సాగకూడదనే భద్రతా నిపుణులు ఒకే నడవా గురించి మాట్లాడుతున్నారు. ఇరువురినీ తృప్తిపరిచే నమూనా ఇంకా రాలేదు.

స్థలం, డబ్బు

నిర్మాణం సాగే కాలంలో పిల్లలను ఎక్కడికీ పంపలేని ఊళ్లకు రెండే దారులు. ఒకటి, ఉన్నచోటే దశలవారీగా కట్టడం: మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లో 1914 నుంచి పెరుగుతూ వచ్చిన హైస్కూలు స్థానంలో, 2019 ఓటు తరువాత, సుమారు 29 కోట్ల డాలర్లతో ఇలాగే నాలుగు దశల్లో కట్టారు, ఒక రెక్క సిద్ధమయ్యాక పిల్లలు అందులోకి మారాక పాతది కూల్చారు. రెండోది, పక్కనున్న ఆటస్థలంలో కట్టి, తరువాత పాత బడి చోటును ఆటస్థలంగా మార్చడం. ఇది పిల్లలకు తక్కువ ఇబ్బంది, ఖర్చూ అదుపులో ఉంటుంది. కానీ మసాచుసెట్స్ రాజ్యాంగంలోని 97వ అధికరణ వర్తించే ప్రజల మైదానమైతే, వాడుక మార్చడానికి శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి.

డబ్బు విషయంలో 2004లో ఏర్పడిన ఎంఎస్‌బీఏ పాత వ్యవస్థ నుంచి 428 పనుల బకాయి జాబితాను, దాదాపు 1,100 కోట్ల డాలర్ల భారాన్ని వారసత్వంగా అందుకుంది. అమ్మకపు పన్నులో డాలరుకు ఒక సెంటు దానికి కేటాయించారు. చదరపు అడుగుకు ఇంతవరకే అన్న పరిమితి ఉన్నందువల్ల, కాగితం మీద రాసే సాయపు శాతం కంటే రాష్ట్రం నిజంగా భరించే వాటా చాలా తక్కువ; మిగిలినది ఊరి ఆస్తిపన్ను మీద పడుతుంది. బడుల పేరు చూసి బోస్టన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు సైతం ఈ భారంలో నేరుగా భాగస్వాములే.

తేలని అంశాలు

కర్బనం లెక్క తేలలేదు: ఇంధన పొదుపు, కూల్చివేతలో పోయే పదార్థం రెండింటినీ ఒకే పట్టికలో చూపే పద్ధతి ఓటర్ల ముందుకు ఇంకా మామూలుగా రావడం లేదు. తెరిచిన పదేళ్లకు భవనం అనుకున్నట్లు పనిచేస్తోందా అని వెనక్కి వెళ్లి చూసే ఆనవాయితీ బలహీనంగా ఉంది. అందువల్ల కిటికీలు లేని గదుల వంటి పొరపాట్లు కూల్చే రోజుదాకా బయటపడవు.

అన్నిటికంటే లోతైన చిక్కు చట్టంలోనే ఉంది. 1980లో మసాచుసెట్స్ ఓటర్లు ఆమోదించిన ‘ప్రపోజిషన్ టూ అండ్ ఎ హాఫ్’ ప్రకారం, కొత్త నిర్మాణాల వల్ల వచ్చే పన్నును మినహాయిస్తే, ఊరి మొత్తం ఆస్తిపన్ను ఏటా 2.5 శాతానికి మించి పెరగకూడదు. హైస్కూలు కట్టడానికి తెచ్చిన అప్పును ఒక్క ఓటుతో, అప్పు తీరేదాకా, ఈ పరిమితి నుంచి మినహాయించవచ్చు. కానీ ఆ భవనంలో గాలి జల్లెడలు మార్చడానికి, కప్పు చీలికలు పూడ్చడానికి, పంపులు విప్పి చూడడానికి కావలసిన సొమ్ము ప్రతి ఏటా మామూలు పద్దులోంచే, ఉపాధ్యాయుల జీతాలతో పోటీపడి రావాలి. దానికోసం పరిమితి దాటాలంటే మళ్లీ వేరే ఓటు అడగాలి, మరమ్మతుల పేరుతో ఆ ఓటు గెలవడం తేలిక కాదు. కట్టడానికి దారి తెరిచి, కాపాడుకోవడానికి దారి ఇరుకు చేసిన ఈ ఏర్పాటును ఎలా సరిదిద్దాలన్న ప్రశ్న, కొత్త హైస్కూళ్ల సంఖ్య పెరుగుతున్నా, ఆ భవనాల నమూనాలను పరిశీలించే ఏ సమితి పరిధిలోకీ రావడం లేదు.